అవ్వకు అప్పజెప్పిన దరఖాస్తు

నేను తిరుపతిలో లా చదివాను. మొదటి రెండేళ్ళూ లా చదివానని చెప్పడం కన్నా, చదువుతున్నదానిలా తిరిగానని చెప్పడం న్యాయం. మూడో ఏడు వేసవికి ఆ వేషం బయటపడే రోజు వచ్చింది. సెలవుల్లో నాలుగు వారాలు ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. తీసుకుంటామని ఆ చోటివాళ్ళు రాసిచ్చిన ఉత్తరం శుక్రవారం సాయంత్రంలోగా కాలేజీ ఆఫీసులో ఇవ్వాలి. లేదంటే ఆ సెమిస్టరు పోయినట్టే. నోటీసు బోర్డులో పెట్టిన కాగితంలో ఇంత ఉంది. ఇంత చిన్న కాగితానికి అంతగా భయపడడం అదే మొదటిసారి.

నా తోటివాళ్ళకు వకీలు మామలో, వకీలు మామల స్నేహితులో ఉన్నారు. నాకున్న ఒక్క మామ బోరు మోటార్లు బాగుచేస్తాడు. చిత్తూరు కోర్టు దగ్గర ముగ్గురు వకీళ్ళను కలిశాను. ముగ్గురూ "చూద్దాం" అన్నారు. తెలుగులో చూద్దాం అనే మాటకు కళ్ళతో సంబంధం లేదనీ, అది తలుపు మెల్లగా వేసే చప్పుడనీ మూడోసారికి అర్థమయింది.

ఐరాలలో నాయనకు ఫోన్ చేశాను. నాయన టైలరు. మిషను తొక్కుతూనే మాట్లాడతాడు కాబట్టి సగం మాటలు కుట్టులో పోతాయి.

"నాయనా, ఇంటర్న్‌షిప్ దొరకలేదు."

"ఇంటరా? ఇంటర్ ఎప్పుడో పాసైపోతివి గదమ్మా! మళ్ళీ ఎందుకు రాయమంటాండారు?"

విడమరిచి చెప్పాను. మిషను ఆగింది. "అంటే, వాళ్ళకు నువ్వు ఊరికే పని చేసిపెడతానన్యా వద్దంటాండారా?" అన్నాడు. నాకు తట్టని కోణం. అలా చూస్తే అవమానం ఇంకా పెద్దదిగా కనిపించింది.

సోమవారం పొద్దున హాస్టల్లో ఒక సీనియర్ అక్క దారి చూపించింది. బస్టాండు దగ్గర లాడ్జీల్లో గదులు తుడిచే ఆడవాళ్ళకు ఒక సంఘం ఉంది. వాళ్ళు సిఫార్సులు అడగరు. దరఖాస్తు ఒకటి రాసుకుని పోతే చాలు.

రాయడమొక్కటే నాకు వచ్చని అప్పట్లో నా నమ్మకం. నాలుగు పేజీలు రాశాను. మొదటి వాక్యం ఇప్పటికీ గుర్తుంది: "అసంఘటిత రంగమందు అహర్నిశలు శ్రమించుచున్న మహిళా శ్రామికుల హక్కుల పరిరక్షణోద్యమమునందు నా వంతు కర్తవ్యనిర్వహణకై వేసవి శిక్షణావకాశమును ప్రసాదింప ప్రార్థన." మధ్యాహ్నం మూడింటికి సంఘం ఆఫీసు వెతుక్కుంటూ బయలుదేరాను. ఆ దారిలో ఉన్న సందుల కన్నా నా వాక్యంలో సంధులే ఎక్కువ.

ఆఫీసంటే పంక్చరు షాపు పైన ఒక గది. చాప మీద ఇరవై మంది దాకా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం గదులు ఖాళీ అయి, సాయంత్రం బండ్లకు వచ్చే యాత్రికులు ఇంకా దిగని ఆ గంటే వాళ్ళకు దొరికే గంట. రిజిస్టరు ముందు కూర్చున్న నలభై ఐదేళ్ళామె తలెత్తింది. ఆమే సెక్రటరీ. ఆమే పొద్దున ఒక లాడ్జిలో మూడంతస్తులు తుడిచి వచ్చిందని తర్వాత తెలిసింది.

"యా లాడ్జి పాపా నీది?"

"లాడ్జి కాదక్కా. హాస్టలు."

గదంతా నవ్వింది. నేను వచ్చిన పని చెప్పి దరఖాస్తు చూపించాను. ఆమె నాలుగు పేజీలనూ చూసింది, నన్నూ చూసింది, గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్న ఒక ముసలామె వైపు చెయ్యి చూపించింది.

"సరే. అవ్వకు అప్పజెప్పు."

నేను వినయంగా వెళ్ళి, రెండు చేతులతో, గుళ్ళో హారతి పళ్ళెం అందించినట్టు, నాలుగు పేజీలనూ అవ్వ ఒళ్ళో పెట్టి, వచ్చి నిలబడ్డాను.

అవ్వ కాగితాల వైపు చూసింది. వాటితో విసురుకుంది. "గాలి బాగుండాది" అంది.

ఈసారి నవ్వు కింద పంక్చరు షాపు దాకా వినిపించి ఉంటుంది. "అప్పజెప్పమంటే ఇచ్చేది కాదు మే!" అంది ముక్కుపుడక పెట్టుకున్న ఒకామె, కళ్ళు తుడుచుకుంటూ. "ఇస్కూల్లో పాఠం అప్పజెప్పలేదా నువ్వు? అట్ల. నువ్వు సదవాల, అవ్వ ఇని తిరిగి సెప్పాల. అవ్వ నోటికి వస్తే మాకందరికీ తెలిసినట్టు. రాలేదా, కాగితం యెనక్కి."

అదే ఆ సంఘం పద్ధతి. ఏ కాగితమైనా సరే, కలెక్టరాఫీసు నుంచి వచ్చినా, యజమానుల నుంచి వచ్చినా, చదువురాని ఒక మనిషి విని, తన మాటల్లో అప్పజెప్పేదాకా ఎవరూ దాని మీద వేలు పెట్టరు. ఆ మనిషి చాలా ఏళ్ళుగా అవ్వే. ఎందుకీ పద్ధతి అని అడిగాను. సెక్రటరీ అక్క రిజిస్టరు మూసింది.

"ముందర మేమూ నీ మాదిరే అప్పజెప్పేవాళ్ళం. చేతికి. ఒక లాడ్జిలో కొత్త మేనేజరు వచ్చి, యూనిఫారం చీరలు ఇస్తారు, ఈడ ఏలిముద్రలెయ్యండి అన్న్యాడు. తొమ్మిది మంది ఏసినాము. మా అంతట మేమే పని మానుకుంటాండామని రాసుండాది దాంట్లో. కింద ఏమి రాసుండాదో తెలుసునా? చదివి వినిపించగా విని, సమ్మతించి వేలిముద్ర వేసితిమి అని. సదివింది ఎవురు? ఇన్నింది ఎవురు?"

చదివి వినిపించగా విని అనే ఆ వాక్యం నాకు బాగా తెలుసు. మా పుస్తకాల్లో నమూనా పత్రాలన్నిటి అడుగునా ఉంటుంది. పరీక్షలో రాయకపోతే మార్కు పోతుంది కాబట్టి రాసేదాన్ని. దాని అర్థం నిజంగా చదవాలని, నిజంగా వినాలని నాకు ఏనాడూ తోచలేదు. ఈ ఇరవై మందీ ఆ వాక్యాన్ని నమ్మి, దాన్ని నిజం చేసే పనిలో ఉన్నారు. నేను నిలబడ్డ చోటే కాస్త ఒదిగాను.

"కానీ, సదువు" అంది అవ్వ.

చదివాను. అసంఘటిత రంగమందు అనగానే అవ్వ కళ్ళు మూసుకుంది. కర్తవ్యనిర్వహణకై దగ్గర ఒక కన్ను తెరిచింది. ప్రార్థన దాకా ఓపిక పట్టి, "అంతేనా?" అంది.

"ఇది మొదటి వాక్యం అవ్వా."

"నాయనా!" అంది ముక్కుపుడక అక్క.

అవ్వ పెదాలు కదిపి చూసింది. ఒకసారి "రంగమ్మ" అంది. ఇంకోసారి "ప్రసాదం" అంది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "నోట్లో నిలబడలేదు పాపా. మనిసి బాగుండాదిగానీ మాట జారిపోతాండాది. రంగమ్మ అనే ఆమెకు ప్రసాదం ఇప్పించమంటాండావని మటుకు తెలిసింది."

కాగితం వెనక్కి వచ్చింది. నా మొహం చూసి సెక్రటరీ అక్కకు జాలి కలిగినట్టుంది. "బేస్తవారం మళ్ళీ మీటింగు ఉండాది. అవ్వ నోట్లో పట్టేదిగా రాసుకోని రా. పని సేస్తానంటాండావు గదా, ఇది కూడా సూడు" అని ఒక పాత కాగితం ఇచ్చింది. లాడ్జీల యజమానులకూ సంఘానికీ మధ్య ఒప్పందం. గడువు అయిపోతోంది, అదే షరతులతో మళ్ళీ రాసుకోవాలి. పాతది మడతల దగ్గర చిరిగిపోయింది. దానికి శుభ్రమైన నకలు తీసుకురావాలి. గురువారం మీటింగులో అది పాసయితే, ఆ సాయంత్రమే యజమానులకు పోతుంది.

గురువారం కాకపోతే నాకు ఇంకో మీటింగు లేదు. శుక్రవారం నా గడువు.

మంగళవారం పొద్దున అవ్వ పనిచేసే లాడ్జికి పోయాను. ఆమె నోట్లో ఏ మాటలు పడతాయో తెలుసుకుందామని నా ఎత్తు. రెండో అంతస్తులో ఒక గది. రాత్రి పది మంది పడుకుని లేచిపోయిన గది అది. నేలంతా అరటి తొక్కలు, గుండు గీయించుకున్న తలల చందనం అంటిన దిండు గలీబులు, మంచం కింద ఎవరిదో పిల్లాడి చెప్పు ఒకటి. అవ్వ గుమ్మంలో నిలబడి, ఒకసారి గదంతా కలియజూసి, లోపలికి అడుగుపెట్టింది.

నేను ఇంతకు ముందు పని చూశాను. నాయన గుడ్డ కత్తిరించేటప్పుడు చూశాను. కానీ ఇలాంటిది చూడలేదు. డెబ్భై ఏళ్ళకు దగ్గరపడ్డ ఆ మనిషి గదిలో ఏ చోటికీ రెండోసారి వెళ్ళలేదు. దుప్పటి విసిరితే అది గాలిలో ఒక్క క్షణం నిలబడి, నాలుగు మూలలూ తమకు తామే తెలిసినట్టు మంచం మీద దిగింది. నేనూ ఒకటి విసిరాను. అది నా మీద దిగింది.

"అప్పజెప్పేదానికి అంతంత పొడుగు కాగితాలు ఎట్ల గుర్తు పెట్టుకుంటావవ్వా?" అని దుప్పట్లోంచి అడిగాను.

"గుర్తు నేనెందుకు పెట్టుకుంటా? ఈ రూమే పెట్టుకుంటాది" అంది.

అర్థం కాలేదు. అవ్వ నన్ను మళ్ళీ గుమ్మం దగ్గరికి తీసుకుపోయింది. తలుపు మీద చెయ్యి వేసింది. "ఇది పని గంటలు. ఎన్నింటికి తెరిసేది, ఎన్నింటికి మూసేది." పక్కన లైటు స్విచ్చి మీద వేలు పెట్టింది. "పొద్దు గూకినాక ఇంటికి పంపించాలంటే ఆటో పెట్టాల." మంచం మీద దుప్పటి చూపి, దిండు తట్టింది. "వారానికి ఒక దినం సెలవు." అద్దం ముందు ఆగింది. "మొగం సూసి మాట్లాడాల. మే, వసే అనకూడదు, పేరు పెట్టి పిలవాల." కిటికీ, మధ్యాహ్నం అరగంట గాలి పీల్చుకునే విరామం. బాత్రూములో బకెట్టు, చేతి తొడుగులూ ఫినాయిలూ వాళ్ళే ఇవ్వాలి. అన్నీ తిరిగి మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చి గొళ్ళెం పట్టుకుంది. "ఉన్నట్టుండి బయటికి దొబ్బేదానికి లేదు. నెల ముందర సెప్పాల."

నా సంచీలో ఉన్న ఒప్పందం తీసి చూశాను. ఏడు షరతులు. అదే వరస. రెండు చేతులతో కాగితం పట్టుకుని నేను, ఒక చేత్తో తలుపు పట్టుకుని ఆమె. ఆమె రోజూ పన్నెండు గదులు సర్దుతుంది. అంటే రోజుకు పన్నెండుసార్లు ఆ ఒప్పందాన్ని తలుపు నుంచి తలుపు దాకా చదువుతుంది. నేను పాఠ్యపుస్తకాన్ని ఏడాదికి ఒకసారి, అదీ పరీక్ష ముందు రోజు. ఎవరు చదువుకున్నవాళ్ళో తేల్చే తీర్పు ఏదైనా ఉంటే, అప్పీలుకు కూడా పోకుండా ఓడిపోయేదాన్ని.

హాస్టలుకు వచ్చి కొత్త ఉత్సాహంతో కూర్చున్నాను. పొడుగు మాటలు పనికిరావు, పొట్టిగా ఉండాలి, నోట్లో పట్టాలి. నా దరఖాస్తును నాలుగు పేజీల నుంచి నాలుగు వాక్యాలకు కత్తిరించాను. ఆ ఊపులోనే ఒప్పందం నకలు కూడా తీశాను. పాత ఒప్పందంలోనూ అనవసరపు మాటలు కనిపించాయి. "అనగా" తీశాను, "మరియు" తీశాను, "పైన చెప్పబడిన" తీశాను. కత్తిరించే చెయ్యి నాయన దగ్గర్నుంచి వచ్చిందని మురిసిపోయాను. ఎక్కడ ఆపాలో తెలిసే కన్ను రాలేదని అప్పటికి తెలియదు.

గురువారం మూడింటికి గది నిండిపోయింది. ముందు ఒప్పందం, తర్వాత నా దరఖాస్తు అంది సెక్రటరీ అక్క. నా నకలు నేనే చదవాలి.

మొదటి షరతు చదివి ఆగాను. అవ్వ కళ్ళు మూసుకుని గాలిలో చెయ్యి చాచింది. ఎదురుగా తలుపు ఉన్నట్టే తోసింది. పని గంటలు అప్పజెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. రెండోది చదివాను. అవ్వ వేలు స్విచ్చి నొక్కింది. ఆటో అప్పజెప్పింది. నాకు గది కనిపించసాగింది. గోడలు, మంచం, అద్దం. అందరి చేతులూ ఒళ్ళల్లో చిన్నగా కదులుతున్నాయి. ఒక్క అవ్వే కాదు, ఇరవై మందీ ఆ కనిపించని గదిని తమ చేతులతో సర్దుతున్నారు.

మూడోది చదివాను. "వారానికి ఒక రోజు సెలవు ఇవ్వవలెను."

అవ్వ రెండు చేతులూ పైకెత్తి దుప్పటి విసిరింది. మూలలు సరిచేసింది. తర్వాత పక్కకు చెయ్యి చాచి, ఏదో అందుకోబోయి, ఆగిపోయింది. చెయ్యి గాలిలోనే ఉంది.

"దిండు యాడ?" అంది.

"మళ్ళీ సదువు" అంది సెక్రటరీ అక్క. మళ్ళీ చదివాను. అవ్వ చెయ్యి మళ్ళీ అక్కడే ఆగింది. "దుప్పటి ఉండాది. దిండు లేదు. దిండు లేని మంచం ఇయ్యలేదు మేము ఎప్పుడూ."

సెక్రటరీ అక్క పాత కాగితం లాక్కుని మడతలు విప్పింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "వారానికి ఒక రోజు... జీతంతో కూడిన... సెలవు."

జీతంతో కూడిన. అదీ దిండు. వారపు సెలవంటే జీతంతోనే కదా, మళ్ళీ చెప్పడమెందుకు అనుకుని మంగళవారం సాయంత్రం నేనే కత్తిరించి పారేసిన రెండు మాటలు. ఆ నకలు ఆ సాయంత్రం యజమానుల చేతికి పోయి, సంతకాలయి ఉంటే, ఈ గదిలో ప్రతి మనిషికీ వారానికి ఒక రోజు జీతం లేకుండా పోయేది. మోసం చెయ్యాలని వచ్చిన మేనేజరు చేసిన పనికీ, మంచి చెయ్యాలని వచ్చిన నేను చేసిన పనికీ మధ్య దూరం ఒక ముసలామె చాచిన చెయ్యంత.

"నేనే తీసేసినానక్కా" అన్నాను. పుస్తకాల తెలుగు ఎటో పోయి ఐరాల తెలుగు వచ్చింది. "పొట్టిగా ఉంటే బాగుంటాదని. అది అంత ముఖ్యమని తెలీలేదు."

"తెలీలేదంట!" ముక్కుపుడక అక్క లేచి నిలబడింది. "సూసినారా? మేనేజరు చీరలని మా పని తీసినాడు, ఈ పాప అందంగా ఉంటాదని మా జీతం తీస్తాది. రాత తప్పే పిల్ల మనకెందుకు? పంపించెయ్యండి అక్కా."

ఆమె అన్నదాంట్లో నాకు తప్పు కనిపించలేదు. రెండు మాటలూ నకలులో మళ్ళీ రాశాను. మిగిలిన నాలుగు షరతులూ చదివాను, అవ్వ గొళ్ళెం దాకా అప్పజెప్పింది. ఒప్పందం పాసయింది. సంచీ భుజాన వేసుకుని లేవబోయాను.

"నీది సదవలేదే?" అంది అవ్వ.

"ఇంకెందుకులే అవ్వా."

"మీటింగులో రాసుకున్న్యాము గదా. సదవకుండా ఎట్ల పోతావు? కూర్సో."

నాలుగు వాక్యాల కాగితం తీశాను. అందులో నేను కష్టపడే దాన్నని, తప్పులు లేకుండా రాస్తానని ఉంది. కాగితం మడిచి పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వకీళ్ళు ముగ్గురూ వద్దన్నారని. రేపటికి ఉత్తరం ఇవ్వకపోతే ఆర్నెల్ల చదువు పోతుందని. అందుకే వచ్చాను గానీ, మీ మీద ప్రేమతో రాలేదని. మొన్న రూములో చూసినాక మాత్రం, ఉత్తరం లేకపోయినా రావాలనిపించిందని. దిండు నేనే పోగొట్టానని.

అవ్వ కళ్ళు మూసుకుంది.

"వకీళ్ళు రానియ్యలేదంట" అని మొదలుపెట్టింది. "రేపటికి కాగితం లేకపోతే సదువు పోతాదంట. గతి లేక వచ్చిందంట. ఈడకొచ్చినాక గతి కనపడిందంట." నేను అలా అనలేదు. కానీ అనాల్సింది అదే. "రాత వచ్చునంట, దుప్పటి పరిసేది రాదంట. దిండు పారేసింది తానేనంట. అంతేనా పాపా?"

అంతే అని తలూపాను.

"నోట్లో నిలబడింది" అంది అవ్వ, అందరి వైపూ తిరిగి.

"నిలబడితే? తప్పు తప్పే గదా?" అంది ముక్కుపుడక అక్క.

"ఏమ్మే, నువ్వు పనిలో చేరిన మొదటి దినం దిండుకు గలీబు తొడగమంటే దుప్పటికి తొడగబోతివే, మరిసిపోతివా? నేనేమన్నా నిన్ను పంపించేస్తినా?"

గది మళ్ళీ నవ్వింది. ముక్కుపుడక అక్క మూతి తిప్పుకుంది, కానీ నవ్వు ఆపుకోలేక తిప్పుకుందని అందరికీ కనిపించింది. "సరే మే. కాగితాలు ఇయ్యండి, కత్తెర మటుకు ఇయ్యద్దండి" అని మొదటి చెయ్యి ఎత్తింది ఆమే. తర్వాత చాప మీద చేతులన్నీ లేచాయి. ఫినాయిలుకు ఎర్రబారిన వేళ్ళు, తోలు లేచిన అరచేతులు. బస్టాండు చుట్టూ లాడ్జీల్లో గదులన్నీ ఆ చేతులు సర్దినవే. అవి నా కోసం గాలిలో నిలబడ్డాయి. లెక్క పెట్టాలని కూడా తోచలేదు.

సెక్రటరీ అక్క రిజిస్టరులోంచి కాగితం చించి, తీసుకుంటామని రెండు వాక్యాలు రాసి, అవ్వ చేత అప్పజెప్పించి, సంతకం చేసింది. అవ్వ పక్కన వేలిముద్ర వేసింది. నేను కూడా ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. అలవాటు ప్రకారం కాగితం అడుగున, కుడివైపు మూలకు పెన్ను పెట్టాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"ఆడ యాడ పెడతాండావు? అక్షరాల కిందే పెట్టు, ఆనుకోని. మధ్యలో తెలుపు వదిలితే దాంట్లో ఎవురైనా కాపరం పెడతారు."

ఆనించి పెట్టాను.

శుక్రవారం కాలేజీ ఆఫీసులో గుమాస్తా ఆ ఉత్తరాన్ని ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. సంతకం, వేలిముద్ర, ఇంకో సంతకం, అన్నీ చివరి అక్షరానికి అతుక్కుని ఉన్నాయి. కింద మిగిలిన తెలుపంతా ముక్కుపుడక అక్క మూల నుంచి మూలకు గీత గీసి కొట్టేసింది.

"ఇదేందమ్మా, మా ముద్ర ఎక్కడ వెయ్యాల?" అన్నాడు.

"అందుకేనండీ చోటు లేకుండా చేశారు" అన్నాను.

ఆయన నన్నొకసారి చూసి, కాగితం తిప్పి, వెనకవైపు వేశాడు.